నాయన మింగిన ఎర్ర గోలీ

మొన్న నా మోకాళ్ళ నొప్పికి డాక్టరు రాసిన గోలీలను గ్రాంట్ రోడ్డు మందుల దుకాణం నుంచి తెచ్చిన మనవరాలు, ఫోనులో ఏదో చూసి, సగం తెలుగు సగం మరాఠీ కలిపి, ఆజీ, వీటి పైతొడుగు పశువుల బొక్కలూ తోలూ ఉడకబెట్టి చేస్తారట అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు సరికదా, నోటిదాకా తెచ్చిన గోలీని మళ్ళీ డబ్బాలో వేసేశాను. మన ఈడువాళ్ళకు చెప్పేదేముంది, కొన్ని భయాలు ముసలితనం వచ్చినా వదలవు.

కామాటిపుర చాళీలో, ఆ వరుసగదుల్లో, మేమంతా ఒక్క ఖోలీలో సర్దుకున్న రోజులవి. మా నాయన తాపీమేస్త్రి, పండరికి వెళ్ళి విఠోబా తులసిమాళ మెడలో వేసుకున్న మనిషి. మాళ వేసుకున్నాక నీసు ముట్టరాదు. అందుకని మాకు చేపలు తినాలనిపిస్తే అమ్మ పక్క ఖోలీ పొయ్యి మీద వండి, అక్కడే తినిపించి, మూతులు కడిగించి గానీ మా గడప తొక్కనిచ్చేది కాదు. అట్లాంటి నాయనకు క్షయ పట్టుకుంది. ఆయన దగ్గితే గుడ్డలో నెత్తురు పడేది, నేను చెవులు మూసుకుని మూలకు పోయేదాన్ని.

దవాఖానాలో ఎర్ర గోలీలిచ్చారు. అవి మింగి కాస్త తేరుకుంటున్నాడు అనుకునేలోపల, మందుల గోదాములో మూటలు మోసే మా మేనమామ, నోరు ఊరుకోని మనిషి, ఆ గోలీల తొడుగు ఆవు బొక్కలతో చేస్తారట అని అమ్మ చెవిన వేసిపోయాడు. చెబితే నాయన మందు మానేస్తాడు, మానితే బతకడు. చెప్పకపోతే మాళ వేసుకున్నవాడికి ఆవు బొక్కలు తినిపించిన పాపం తనది. చివరికి అమ్మ ఎవరూ చూడకుండా గోలీ విప్పి, తొడుగు మోరీలో పారేసి, ఎర్రటి పొడిని అరటిపండులో కూరి పెట్టసాగింది. ఆ పొడి ఎంత చేదో గానీ నాయన సగం కక్కేసేవాడు. తగ్గిన నెత్తురు మళ్ళీ పడింది. నా చేతులారా మనిషిని చంపుకుంటున్నానేమోనని అమ్మకు అన్నం సయించలేదు, ఎర్రబడ్డ ఆమె వేళ్ళు చూడలేక నేను ముఖం తిప్పుకునేదాన్ని.

ఓర్చుకోలేక ఒకనాడు నాయనకు అంతా చెప్పి ఏడ్చింది. ఆయన కోప్పడలేదు. మా ముఖాలు చూసి, మాళ తీసి విఠోబా పటానికి వేసి, "పిల్లలు చిన్నగున్నరు దేవా, నాకు చావాలంటే భయమైతుంది" అని, గోలీని తొడుగుతో సహా మింగాడు. నాయనకు కూడా భయమేస్తుందని అప్పుడే తెలిసింది. అంతగా నేను మళ్ళీ ఎన్నడూ జడుసుకోలేదు.

నాయన బతికాడు, మళ్ళీ గోడలు కట్టాడు. మాళ మాత్రం మళ్ళీ వేసుకోలేదు. ఏటా మాతో పండరికి వచ్చేవాడు, మేం దర్శనానికి లోపలికి పోతే తను బయటే నిలబడి గుడి శిఖరానికి దండం పెట్టుకుని, మా చెప్పుల దగ్గర కూర్చునేవాడు. లోపలికి రమ్మని అడిగే ధైర్యం అమ్మకు ఎప్పుడూ చాలలేదు.

ఇప్పుడు మొక్కలతో చేసిన తొడుగులు కూడా వస్తున్నాయట, కావాలంటే అవే అడిగి తెస్తానంటోంది మనవరాలు, అదొక పెద్ద విషయమే కానట్టు. దాని కాలానికి కాదు మరి. అవేవో ఆ రోజుల్లోనే దొరికి ఉంటే, మా నాయన కూడా మాతో గుడి లోపలికి వచ్చేవాడు.