నిమ్మకాయ, బ్రోమోబెంజీన్

ఆ రోజుల్లో చేవెళ్ల రోడ్డు మీది మా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ క్లాసులకు కుర్చీలు చాలేవి కావు. నా కెమిస్ట్రీకి ఒక ఆటోలో పట్టేంతమందే మిగిలారు. ఒకనాడు ఆ మిగిలినవాళ్లే ల్యాబ్ తలుపుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునే నా గుమ్మానికే దిష్టి దండా? ఒళ్లు మండి, విప్పి బల్ల మీద పెట్టాను.

"ఇయ్యాల బ్రోమోబెంజీన్, మెగ్నీషియం ప్రయోగం. మంట లేకుండనే మరుగుతది. మరగకపోతే దీన్ని నా చేతుల్తోనే కడత!"

ఈథర్‌లో రెండూ కలిపి, చిటికెడు అయోడిన్ వేశాం. ఫ్లాస్క్ ఉలకలేదు, పలకలేదు.

"స్టూల్ తెమ్మంటరా సార్?" పిల్లలు ఒకటే నవ్వులు.

ఫ్లాస్క్‌ను వెలుతురుకు పట్టి చూశాను. లోపల చెమ్మ. మెడ మీద పసుపు బొట్టు.

"దీన్ని ఎవరు కడిగిన్రు?"

"మేమే సార్. కొత్తది గదా, శుభమని."

నీటి చుక్క తగిలితే ఈ ప్రయోగం మొదలే కాదు. శుభం కోసం పోసిన నీళ్లే కొంప ముంచాయి! ఇంకో ఫ్లాస్క్‌ను ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ చేశాం. అయోడిన్ రంగు పోయింది, ద్రవం మసకబారింది, ఈథర్ బుడబుడమని తనంతట తానే మరిగింది. నేను ఉపన్యాసం అందుకున్నాను.

"జర ఆగుండ్రి సార్," అంది మొయినాబాద్ నుంచి వచ్చే అమ్మాయి. "తడి ఫ్లాస్క్‌తోని చేసినప్పుడు తలుపుకు నిమ్మకాయ లేకుండె. అది ఉంటే తడిది గూడ మరుగుతుండెనేమో? చూడకుంటనే ఎట్ల చెప్తరు?"

ఎందరో పండితులతో వాదించాను. నన్నింత సూటిగా ఎవరూ పట్టుకోలేదు. గెలిచిన పందెంలో ఓడినవాడిలా స్టూల్ ఎక్కి నిమ్మకాయ కట్టాను. అప్పుడే కంప్యూటర్ లెక్చరర్ అటు రావాలా!

"అరె, మీరు గూడనా సార్?"

"ప్రయోగమన్నా, ప్రయోగం!"

తడి ఫ్లాస్క్‌లో మళ్లీ అన్నీ కలిపాం. అందరం చుట్టూ మూగి చూశాం. ఒక్క బుడగైనా లేవలేదు. విఫలమైన ప్రయోగానికి అంత సంబరపడటం నాకదే మొదలు.

ఆ అమ్మాయే స్టూల్ ఎక్కి దండ విప్పింది. "దీనితోని ఏం కాలే సార్. మిరపకాయలన్న కూరల ఏసుకోవచ్చా?"

"ల్యాబ్‌లది ఏదీ తినొద్దు," అన్నాను.