కోచ్ మార్లో నన్ను కింది జట్టుకు పంపిన వసంతం

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా వీధి చివర ఒక మిడిల్ స్కూల్ ఉంది. శనివారాలు పొద్దున్నే దాని చుట్టూ నడవడం నాకు అలవాటు. మొన్న అలా నడుస్తుంటే జిమ్ వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. గట్టి రబ్బరు బంతి ఇటుక గోడకు తగిలే చప్పుడు. టప్పు, చిన్న విరామం, మళ్ళీ టప్పు. టెన్నిస్ బంతి అలా మోగదు. ఆ విరామాన్ని బట్టే చెప్పగలను, విసురుతున్న పిల్ల మధ్యమధ్యలో చేయి మార్చుకుంటోందని. నిలబడిపోయాను. ప్లెయిన్స్‌బరోలో మార్చి నెల చలి, తడి గడ్డి వాసన, పళ్ళ మధ్య నలిగే మౌత్‌గార్డ్ రబ్బరు రుచి, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. వాటితో పాటే కోచ్ మార్లో గొంతు: "ఇప్పుడు ఎడమ చేయి, లాస్యా. కుడి చేయి నీకు వచ్చు. వచ్చిందాన్ని నాకు చూపించకు."

మేం విజయవాడ నుంచి న్యూజెర్సీ వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల నిండా తెలుగువాళ్ళే. పిల్లలందరం టెన్నిస్‌కో, స్పెల్లింగ్ పోటీలకో, కూచిపూడి క్లాసుకో వెళ్ళేవాళ్ళం. లక్రాస్ అనే ఆట ఒకటుందని హైస్కూల్లో చేరేదాకా నాకు తెలియదు. పొడవాటి కర్ర చివర చిన్న వల సంచి ఉంటుంది. బంతిని దాంతోనే పట్టాలి, దాంతోనే విసరాలి, పరుగెత్తేటప్పుడు పడిపోకుండా ఊయల ఊపినట్టు ఊపుతూ ఉండాలి. చేత్తో ముట్టుకోకూడదు. తొమ్మిదో తరగతిలో నేను అందులో చేరడానికి కారణం మరీ గొప్పదేమీ కాదు. జిమ్ క్లాసులో నా పరుగు చూసి, ఎవరో పొడుగాటి ఆవిడ నా చేతిలో ఒక స్టిక్ పెట్టి, "మధ్యాహ్నం మైదానానికి రా" అని వెళ్ళిపోయింది. వద్దనడానికి ఆవిడ ఆగితే కదా.

ఆవిడే కోచ్ మార్లో. మా స్కూల్లో హెల్త్ టీచరు. యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టును ఒక్క జడగా అల్లుకుని, మంచు పడుతున్నా నిక్కరుతోనే మైదానంలోకి వచ్చేది. కుడి మోకాలికి ఎప్పుడూ పట్టీ ఉండేది. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు పేపరు కప్పులో ఊస్తూ ఆట చూసేది. మిగతా కోచ్‌లు ప్రతిదానికీ "గుడ్ జాబ్" అంటుంటే, ఈవిడ నోట ఆ మాట నేను వినలేదు. బాగా చేస్తే, "అదే. మళ్ళీ చెయ్యి" అనేది. మేం ఆ "అదే" కోసం ప్రాణాలు పెట్టేవాళ్ళం. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే. కానీ ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు అవన్నీ తెలుగులో చెప్పేదాన్ని కాబట్టి, నాకు అవి తెలుగులోనే గుర్తుండిపోయాయి.

మొదటి రెండేళ్ళూ జేవీలో, అంటే నేర్చుకునే పిల్లల జట్టులో ఆడాను. పదకొండో తరగతిలో వార్సిటీకి, స్కూలు అసలు జట్టుకు, ఎంపికయ్యాను. ఆ రోజు అమ్మ సేమ్యా పాయసం చేసింది. నాన్న ఆఫీసులో అందరికీ చెప్పుకున్నారు. తీరా మ్యాచ్‌లు మొదలయ్యాక తెలిసింది, వార్సిటీలో నా స్థానం బెంచి మీదని. మేం బాగా గెలుస్తున్నప్పుడో, గెలిచే ఆశ పూర్తిగా పోయాకో, చివర్లో కాసేపు పంపేవారు. ఆ కాసేపట్లో బంతి నా దగ్గరికి వస్తే భయమేసేది. ఎక్కడ జారిపోతుందోనని బిగుసుకుపోయేదాన్ని. అందుకే జారిపోయేది.

మా నాన్నకు బెంచి అనే మాటంటేనే పడదు. ఆయన సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్‌లో పనిచేసేవారు. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరకనివాళ్ళని అక్కడ "బెంచి మీద ఉన్నాడు" అంటారు. మేం వచ్చిన కొత్తలో నాన్న ఒక చలికాలమంతా బెంచి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే అందరం సామాన్లు సర్దుకోవాలి. ఆ చలికాలం మా ఇంట్లో ఫోన్ మోగితే ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. అలాంటి మనిషి, మీటింగులు వాయిదా వేసుకుని మ్యాచ్‌కి వచ్చి, కూతురు చలికోటు కప్పుకుని బెంచి మీద కూర్చుని ఉండటం ఎంతకాలం చూస్తారు? ఒకరోజు మ్యాచ్ అయిపోగానే పార్కింగ్ లాట్‌లో కోచ్ మార్లోకు ఎదురెళ్ళారు. నేను కారులో తల దించుకుని కూర్చున్నాను. కాసేపటికి తిరిగొచ్చి స్టీరింగ్ పట్టుకున్నారు.

"ఏమన్నారు నాన్నా?"

"ప్లేయింగ్ టైమ్ గురించి నాతో మాట్లాడదట. 'మీ అమ్మాయి చదువు గురించి అడగండి, తిండి గురించి అడగండి, దెబ్బల గురించి అడగండి, ఎంతసేపైనా చెప్తాను. ఎంతసేపు ఆడుతుందన్నది మాత్రం తనే వచ్చి నన్ను అడగాలి' అంది." కారు స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపేశారు. "కోపం వచ్చింది గానీ, ఆవిడ చెప్పింది కరెక్టేనేమో. నువ్వు వెళ్ళి అడుగమ్మా."

పెద్దవాళ్ళని ఎదురుగా నిలబడి అడగడం నాకు అలవాటు లేదు. మర్నాడు ప్రాక్టీస్ అయ్యాక, బంతుల సంచులు పెట్టే షెడ్ దగ్గర ఆవిడ కోసం నిలబడ్డాను. ఇంటి దగ్గర తయారుచేసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి.

"నన్నెందుకు ఆడించట్లేదు అని కదా?" ఆవిడే అందుకుంది. "నిజం చెప్పనా, నీకు బాగుండేట్టు చెప్పనా?"

"నిజమే చెప్పండి."

"ఈ జట్టులో నీ అంత వేగంగా పరుగెత్తేవాళ్ళు లేరు. కానీ నీకు ఒక్క చెయ్యే ఉంది. ఎడమ వైపు బంతి వస్తే కళ్ళు మూసుకుంటావు. అవతలి జట్టుకు ఆ సంగతి అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండోది, తప్పు చేస్తానేమోనన్న భయం నీ కాళ్ళకి పట్టుకుంది." గింజల పొట్టు కప్పులో ఊసి, నా వైపు తిరిగింది. "నీకు ఇష్టమైతే ఒక పని చేద్దాం. జేవీకి తిరిగి వెళ్ళు. అక్కడ ప్రతి మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా నువ్వే ఆడు. ప్రాక్టీస్‌లో నేర్చుకున్నది, మ్యాచ్‌లో తప్పులు చేశాకే నీదవుతుంది. తప్పులు చేసే చోటు నేను నీకు ఇక్కడ ఇవ్వలేను. అక్కడ ఇవ్వగలను. కాదు, వార్సిటీ జెర్సీయే కావాలంటావా, ఉంచుకో. నేనేమీ అనుకోను. సోమవారం చెప్పు."

పదకొండో తరగతి పిల్ల, తొమ్మిదో తరగతి పిల్లలతో ఆడటమా? స్కూలంతా చూస్తుంది కదా! ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అమ్మ వెంటనే, "అదేంటి, ప్రమోషన్ ఇచ్చి డిమోషన్ చేస్తారా ఎక్కడైనా?" అంది. నాన్న కూడా భగ్గుమంటారనుకున్నాను. ఆయన నా పప్పన్నంలో నెయ్యి వేశారు.

"నేను బెంచి మీద ఉన్నప్పుడు అన్నిటికంటే దేనికి భయపడ్డానో తెలుసా?" అన్నారు. "వచ్చిన పని కూడా మర్చిపోతానేమోనని. తర్వాత దొరికిన ప్రాజెక్ట్ నా లెవెల్‌కి చాలా చిన్నది. ఫ్రెండ్స్ వద్దన్నారు. నేను తీసుకున్నా. ఎందుకంటే రోజూ పని ఉంది అక్కడ. ఆడే చోటికి వెళ్ళు తల్లీ. జెర్సీ రంగు ఎవరిక్కావాలి?"

సోమవారం వెళ్ళి జేవీ జెర్సీ అడిగాను. ముందే తీసి పెట్టినట్టుంది, కోచ్ మార్లో పక్కనున్న కుర్చీ మీద నుంచి అందించింది.

ఆ వసంతం నా జీవితంలో అంత ఆనందంగా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. మొదటి మ్యాచ్‌లో ఎడమ చేత్తో పట్టబోయిన బంతులన్నీ వదిలేశాను. ఎవరూ నన్ను బయటికి పిలవలేదు. తర్వాతి మ్యాచ్‌లో కొన్ని నిలిచాయి. ఆ తర్వాత ఒక రోజు, ఎడమ చేత్తో గోల్ కొట్టి, ఏ చేత్తో కొట్టానో కూడా గమనించుకోకుండా వెనక్కి పరుగెత్తాను. మాయా అని తొమ్మిదో తరగతి పిల్ల, ముక్కు మీద మచ్చలు, నోరు మూయదు, నాకు తోకలా తిరిగేది. నేను ఎటు విసురుతానో నాకంటే ముందే తెలిసినట్టు అక్కడ ఉండేది.

వార్సిటీ ప్రాక్టీస్ ముగిశాక కోచ్ మార్లో మా వైపు వచ్చేది. నాకు డ్రా నేర్పింది ఆవిడే. లక్రాస్‌లో ప్రతి గోల్ తర్వాతా ఆట మళ్ళీ మధ్య వలయంలోనే మొదలవుతుంది. ఇద్దరమ్మాయిలు ఎదురెదురుగా నిలబడి స్టిక్కులను వీపూ వీపూ ఆనించినట్టు ఆనిస్తారు, బంతి వాటి మధ్య ఉంటుంది. విజిల్ మోగగానే పైకి లాగాలి. ఎవరు తమ వైపు ఎగరేసుకుంటే బంతి ఆ జట్టుది. డ్రాలన్నీ గెలిచే జట్టు బంతిని అసలు అవతలివాళ్ళకి ఇవ్వదు. ఆ నొప్పి మోకాలితోనే కోచ్ నా ఎదురుగా వంగి నిలబడి, స్టిక్ ఆనించి, విజిల్ పళ్ళ మధ్య పెట్టుకుని ఊదేది. నేను ఓడిపోయేదాన్ని. మళ్ళీ. మళ్ళీ.

"విజిల్ విన్నాక కదులుతున్నావు. విజిల్‌తో కదులు."

"అదెలా తెలుస్తుంది కోచ్?"

"నా భుజం చూడు. విజిల్ ఊదేముందు ఊపిరి పీల్చనా? రిఫరీ కూడా మనిషే."

ఒక సాయంత్రం బంతి ఆవిడ తల మీదుగా ఎగిరి నా వలలో పడింది. మోకాలు పట్టుకుని నిటారుగా లేచి, "అదే" అంది. నేను ఎదురుచూశాను. "మళ్ళీ చెయ్యి" అని నవ్వింది.

పన్నెండో తరగతిలో మళ్ళీ వార్సిటీకి వచ్చాను, నాతో పాటు మాయా కూడా. ఇప్పుడు నాకు రెండు చేతులున్నాయి. సగం మ్యాచ్‌లలో మొదటి నుంచీ ఆడేదాన్ని, సగంలో మధ్యలో వెళ్ళేదాన్ని. డ్రాలు మాత్రం కేటీ తీసేది. మా జట్టు కెప్టెన్ ఆమె, మంచి ఆటగత్తె. ఆ ఏడాది టోర్నమెంట్‌లో మాకు తగిలింది పక్క ఊరి స్కూలు. మా స్కూలు ఎప్పుడైనా వాళ్ళ మీద గెలిచినట్టు ఎవరికీ గుర్తులేదు. మొదటి సగం అయ్యేసరికి అయిదు గోల్స్ వెనకబడ్డాం. వాళ్ళ డ్రా అమ్మాయి కేటీ కంటే ఒక తల పొడుగు. బంతి మా కంటికి కనిపించడం లేదు.

విరామంలో కోచ్ మార్లో అందరి ముఖాలూ చూసి, "లాస్యా, సర్కిల్‌లోకి నువ్వు. మాయా, తన ఎడమ పక్క నిలబడు" అంది. కేటీ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. మరుక్షణం నా భుజం పట్టుకుని పక్కకు లాగి, "ఆమె ప్రతిసారీ తన వెనక్కే లాగుతుంది. నేను ఆపలేకపోయాను. నువ్వు ముందే పైకి లేపెయ్" అని చెవిలో చెప్పింది. ఆ అమ్మాయి గొప్పతనం నాకు ఆ రోజు తెలిసింది.

వలయంలో వంగాను. రిఫరీ భుజం వైపు చూశాను. ఊపిరి పీల్చింది. లాగాను. బంతి గాల్లోకి లేచింది, మాయా దాని కింద ఉంది. గోల్. మళ్ళీ వలయం, మళ్ళీ బంతి మాది. అప్పుడు స్టాండ్స్‌లోంచి నాన్న గొంతు వినబడింది. "పట్టుకో! పట్టుకోవే తల్లీ!" అని తెలుగులో అరుస్తున్నారు. పక్కనున్న తల్లిదండ్రులు అర్థం అడిగారట, నాన్న చెప్పారట. ఇంకో రెండు గోల్స్ అయ్యేసరికి కేటీ వాళ్ళ నాన్నతో సహా స్టాండ్స్ మొత్తం "పట్టుకో! పట్టుకో!" అని కేకలు. మైదానంలో నాకు నవ్వాగలేదు. కేటీ రెండు గోల్స్ కొట్టింది. స్కోరు సమమైంది. చివరి నిమిషంలో చివరి డ్రా. ఆ పొడుగు అమ్మాయి ఈసారి ముందుకు నెట్టింది, బంతి నా ఎడమకి జారింది. నేను కళ్ళు మూసుకోలేదు. స్టిక్ ఎడమ చేతిలోకి ఎప్పుడు మారిందో తెలియదు, బంతి వలలో ఉంది. పరుగెత్తాను. అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. ఇద్దరు అడ్డొచ్చారు. మాయా ఎక్కడుంటుందో చూడకుండానే విసిరాను. అక్కడే ఉంది. గోల్ వల కదిలింది.

ఆ తర్వాత అంతా ఒకరి మీద ఒకరం పడిపోవడమే. నా మీద మాయా, మాయా మీద కేటీ, అందరి మీదా బెంచి మీంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు. అమ్మ మైదానంలోకి వచ్చి నా బురద ముఖాన్ని చున్నీతో తుడుస్తూ ఏడుస్తోంది. కోచ్ మార్లో కుంటుకుంటూ నాన్న దగ్గరికి వచ్చి, "సార్, ఇప్పుడు ప్లేయింగ్ టైమ్ గురించి మాట్లాడుకుందామా?" అంది. నాన్న పగలబడి నవ్వి, "అక్కర్లేదు మేడమ్, అది మీరూ మా అమ్మాయీ చూసుకోండి" అన్నారు. ఆవిడ నా వైపు తిరిగింది. ఈసారి "మళ్ళీ చెయ్యి" అనలేదు. "అదే" అని ఊరుకుంది.

టోర్నమెంట్ కప్పు మాకు రాలేదు. తర్వాతి రౌండ్‌లో ఓడిపోయాం. అయినా ఇన్నేళ్ళలో ఆ ఓటమి నన్ను ఒక్కసారి కూడా బాధపెట్టలేదు. కోచ్ మార్లో రిటైరై సముద్రం దగ్గర ఎక్కడో ఇల్లు కొనుక్కుందని కేటీ చెప్పింది. నా పెళ్ళికి పిలిస్తే కోచ్ వచ్చింది, నిక్కరుతో కాదు, చీరతో. అమ్మ కట్టింది.

ఇప్పుడు నేనొక సాఫ్ట్‌వేర్ టీమ్‌ను నడుపుతున్నాను. మీటింగ్‌లలో మూల కూర్చునే ఒక కొత్తమ్మాయి, ఈ ఏడాది ఒకరోజు ధైర్యం తెచ్చుకుని నా గదిలోకి వచ్చింది. పెద్ద పని తనకెందుకు ఇవ్వడం లేదని అడిగింది. తీపి మాట చెప్పి పంపడం చాలా తేలిక. నేను ఆమెలో ఏముందో చెప్పాను, ఏం తక్కువైందో కూడా తిన్నగా చెప్పాను. తర్వాత చిన్నదే అయినా పూర్తిగా తనదే అయిన పని ఒకటి చేతికిచ్చి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరైనా వచ్చి అడిగితే నిజం చెప్పడం, చెప్పి వదిలేయకుండా వాళ్ళకి ఎదురుగా వంగి నిలబడటం, అదీ ఆవిడ నాకిచ్చింది. పోయిన వారం ఆ అమ్మాయి అందరి ముందూ తన పని చూపించింది. ఒక చోట తప్పు దొర్లింది, తనే సర్దుకుంది, నవ్వింది, ముందుకెళ్ళింది. గది వెనక నిలబడి చూస్తున్న నేను, ఎవరికీ వినబడకుండా, ఒక్క మాట అనుకున్నాను. అదే.