నీలమ్మ పెద్దమ్మ కట్టిన మండె

గాజు పళ్ళేలు నాలుగు, తడి కాగితాలు, నానిన వడ్లు, ఒక పట్టకారు, నేను. ఈ ఉదయం ప్రయోగశాలలో ఉన్నవి ఇవే. మూత తీయగానే పులుపూ తీపీ కలిసిన మొలక వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ ముందు కోపం వస్తుంది. ఆ తర్వాతే నీలమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది.

సంతబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో వరి విత్తనాలకు మండె కట్టేది ఆవిడే. నానిన వడ్లు మొలకెత్తేలా గోనెలో బిగించి, గడ్డి కప్పి, బరువు పెట్టి, మధ్యమధ్య లోపలికి చెయ్యి దూర్చి వేడి చూసేది. నేను టెక్కలిలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, దుకాణం నుంచి తెచ్చిన విత్తనం ఆవిడ మండెలో మొలవలేదు. ఊరి నారుమళ్ళు ఖాళీగా ఉండిపోయాయి.

విచారణకు టెక్కలి నుంచి వ్యవసాయాధికారి వచ్చాడు, ఆయన వెనకే దుకాణదారు. "ముసల్ది మండెని ఉడకబెట్టేసింది సార్," అని దుకాణదారు నవ్వాడు. అధికారి నావైపు చూశాడు. "వేడి ఎక్కువైతే మొలక చచ్చిపోతుందండీ," అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. అప్పటిదాకా విప్పని సంచిలోంచి పొడి గింజ తీసి, పొట్టు ఒలిచి గోటితో నొక్కింది. సుద్దలా పొడైంది.

"సూడు నాయినా, ఇది మండెలోకి ఎల్లనేదు. వానకి కోసిన పనల మీదే మొలిసేసింది. ఎండబెట్టి మనకి అమ్మేసినారు. నీ సదువులో ఇది నేదేటి?"

ఉంది. గింజ తడవగానే ఎంజైములు కణాల గోడలను కరిగిస్తాయి, లోపలి పిండి మొలకకు అందుతుంది. మళ్ళీ ఎండబెట్టినా ఆ గోడలు తిరిగి లేవవు. పరీక్షలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. గింజను మాత్రం ఒక్కసారీ నొక్కి చూడలేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. తువ్వాలు తడిపి ఒక కొసన ఆ సంచి గింజలు వంద, రెండో కొసన తన కుండలో దాచిన గింజలు వంద ముడేసింది. "ఒకటే గుడ్డ, ఒకటే నీల్లు, ఒకటే సెయ్యి. మూడ్రోజులాగి రండి బావూ, మీరే లెక్కెట్టండి," అంది అధికారితో.

"మాకింకేటీ పని నేదనుకున్నావేటే?" అన్నాడు దుకాణదారు.

అధికారి ఆ రోజే "రైతుల అజాగ్రత్త" అని రాసేశాడు. కింద, చదువుకున్న కుర్రాడు కూడా ఇదే చెప్పాడని నా మాట చేర్చాడు. మూడో రోజు ఎవరూ రాలేదు. నేనే మొలిచిన గింజలు లెక్కపెట్టి, కాగితం మీద రాసి టెక్కలిలో ఆయన ఆఫీసుకు తీసుకెళ్ళాను. "నిన్నెవడు లెక్కపెట్టమన్నాడు?" అని చూడకుండానే తిరిగిచ్చారు. మరుసటి ఏడాది ఊరు మండెకు వేరొకరిని పిలిచింది. ఆవిడ మళ్ళీ గోనె ముట్టలేదు.

ఇప్పుడు ఏ పరీక్ష చేసినా, అనుమానమున్న గింజ పక్కనే మంచి గింజను అదే నీటిలో ఉంచుతాను. ఆ రోజు ఎవరూ చూడని లెక్క ఇది. పెద్దమ్మ గింజలు వందకు తొంభై నాలుగు మొలిచాయి. సంచి గింజలు, పదకొండు.