ఫాదర్ మరిచిపోయాడనుకున్నాను

ఆ రోజుల్లో నాలుగు పుస్తకాలు చదివినవాడు ఊరుకునేవాడు కాదు, కనబడ్డవాణ్ణల్లా ఆపి విసిగించేవాడు. ఆ మందలో నేను ముందు వరసవాణ్ణి. పదో తరగతి తప్పి, కరీంనగర్ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో నాకు నేనే పండితుణ్ణయ్యాను. పనేమో మా చర్చిలో గంట కొట్టడం, మోటారు పెట్టి తోటకు నీళ్లు పారించడం. (ఇప్పుడు ఫోనులో రెండు నిమిషాల వీడియో చూసి దేవుడి సంగతి తేల్చేసే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకు ఆ అజ్ఞానం రెండు నిమిషాల్లో వచ్చింది, నాకు రెండేళ్లు పట్టింది, అంతే తేడా.)

మా పెద్ద ఫాదర్ గుంటూరు దిక్కు మనిషి. రామగుండం వైపు గాలి నిప్పులు కక్కే మే నెలలోనూ మెడ నుంచి మడమల దాకా గుండీలు పెట్టిన అంగీ విప్పేవాడు కాదు. పూజ తెలుగులోకి మారి ఎన్నేళ్లయినా, పొద్దున్నే తాను విడిగా చేసుకునే పూజ మాత్రం లాటిన్‌లోనే, జనం వైపు వీపు పెట్టి చేసేవాడు (జనమంటే నేను, రెండు పిచ్చుకలు). అదేమిటని అడిగితే, "అందరం ఒకే దిక్కు చూడాలి నాయనా, నా ముఖంలో ఏముంది చూడటానికి?" అనేవాడు. మిగిలిన పొద్దంతా ఉత్తరించు స్థలం మీద, అంటే ఆత్మలు మోక్షానికి ముందు శుద్ధి అయ్యే చోటు మీద, ఒక లావు గ్రంథం రాసేవాడు. పదకొండేళ్లుగా రాస్తున్నాడు. నాకదంతా పాత చింతకాయ పచ్చడి. ఖండన రాసి ఆయన నోరు మూయించాలని ఒక మంగళవారం ఆయన బల్ల మీది ఇరవై కాగితాలు చొక్కాలో దోపుకొని చొప్పదండిలోని మా ఇంటికి సైకిలెక్కాను. దారిలో వాన పట్టుకుంది. ఇల్లు చేరేసరికి సిరా అంతా కరిగి, ఉత్తరించు స్థలం మొత్తం నీలంగా నా బనియను మీదికి దిగింది. మిగిలిన ముద్దను వాగులో వేశాను.

నింద నా మీద పడలేదు. ఫాదర్‌కు వండిపెట్టే అవ్వ మీద పడింది. ఫాదర్ చింపి పారేసిన కాగితాలతో ఆమె పొయ్యి ముట్టించేది, అదీ ఆమె నేరం. చర్చి కమిటీకి అప్పుడొక దుబాయి పెద్దమనిషి అధ్యక్షుడు. ఆయనకు తెలిసిన వేదాంతమంతా ఆయన అత్తరు సీసాలో పట్టేది. వంట పనిలో తన మరదలిని పెట్టాలని ఎప్పటినుంచో కాచుకొని ఉన్నాడు. "గా ముసల్దే పొయ్యిల వెట్టింది ఫాదర్. ఆదివారం కమిటీల తేల్చి పంపిద్దాం" అన్నాడు. అవ్వ ఊరుకుందా? "నాకు సదువు రాకుంటే రాకపాయె, రాసిన కాయితమేదో పారేసిన కాయితమేదో తెల్వదా? ఆయన తుమ్ము తుడిసిన కాయితం సుత అడిగే పొయ్యిల వెట్టిన!" అంది. కానీ మధ్యాహ్నానికే రేకు పెట్టె సర్దుకుంది. ఇక్కడ పని పోతే ఆమె పోవాల్సింది కోడలింటికి. ఆ కోడలు అన్నం పెట్టే ముందు అర్ధగంట తిట్టే రకం.

నేను పండితుణ్ణి కదా, ఉపాయం ఆలోచించాను. శుక్రవారం సాయంత్రం పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఫాదర్‌తో చెప్పుకోవడానికి పోయి, మధ్యనున్న జాలీకి ఇవతల మోకరించి జరిగిందంతా ఫాదర్‌కు చెప్పేశాను. ఆయన మొత్తం విన్నాడు. తర్వాత, "చేసినవాడివి నువ్వే వెళ్లి చెప్పుకో, వేరొకరి మీద నింద నిలవనివ్వకు" అని, ప్రాయశ్చిత్తంగా పది పరలోక జపాలు చెప్పమన్నాడు. ఆ మొదటి మాట అందరికీ చెప్పేదే అనుకొని, జపాలు చకచకా ముగించి, ఇక ఫాదరే అవ్వను కాపాడతాడని హాయిగా నిద్రపోయాను.

శనివారం పొద్దున చూద్దును కదా, ఆయన మోకాళ్ల మీద వంగి మంచం కింద వెతుకుతున్నాడు! "ఆ బీరువా వెనక ఒకసారి చూడు నాయనా" అన్నాడు. నేను చూశాను! (టార్చి లైటు వేసి మరీ చూశాను. ఏం చేయాలి, పెద్దాయన చెప్పాడాయె.) చివరికి ఆగలేక, "ఫాదర్, నిన్న చెప్తి గదా!" అన్నాను. ఆయన రెప్ప వేయకుండా చూసి, "నిన్నా? నిన్న నువ్వు నాకేమీ చెప్పలేదే" అన్నాడు.

లాటిన్ ఎక్కువై మతి పోయిందని ఖాయం చేసుకున్నాను. వంటింట్లోకి పోయి, "అవ్వా, ఫాదర్‌కు యాది ఉంటలేదే. జాలీ కాడ చెప్పింది తెల్లారేసరికి మర్శిపోతుండు" అన్నాను. అవ్వ ఉల్లిగడ్డ కోస్తూ తలెత్తింది.

"మతి లేంది నీకురా. గాడ చెప్పింది దేవునికి చెప్పినట్టు. ఆయన పానం పోయినా నోట్లెకెల్లి రాదు. నా కోడలి పాపాలన్ని నాలుగేండ్ల సంది చెప్తున్న, ఒక్కటన్న బయటవడ్డదా?"

"అవి నీ పాపాలు కావు గదనే!"

"గదే అంటడు ఆయన సుత."

నా బుర్రలో అప్పుడు వెలిగింది. ఆయనకు తెలుసు. తెలిసీ, నన్ను పట్టించే చిన్న సైగ కూడా బయటపడకూడదని, నిన్నటిదాకా వెతికినవాడు ఇవాళ మానేస్తే ఎవరైనా ఆరా తీస్తారని, లేని కాగితాల కోసం డెబ్బై ఏళ్ల మోకాళ్లతో మంచం కింద దూరుతున్నాడు. ఇక అవ్వను కాపాడగల నోరు ఒక్కటే మిగిలింది, అది నాది.

ఆదివారం పూజ తర్వాత కమిటీ కూర్చుంది. దుబాయి పెద్దమనిషి గొంతు సవరించుకొని, "మీరేమంటరు ఫాదర్?" అన్నాడు. ఫాదర్ నేల చూస్తూ, "నేనేమీ చెప్పలేను" అన్నాడు. నేను లేచి నిలబడి, "నేనే తీసిన. వానకు నానినయి. అవ్వకేం తెల్వది" అన్నాను. ఫాదర్ కుర్చీలో వెనక్కి వాలి, "అలాగా!" అన్నాడు. ఆ ఆశ్చర్యంలో వీసమెత్తు లోటు లేదు. పెద్దమనిషి అత్తరు రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. అవ్వ మాత్రం, "నీ పాడుగాను! మూడొద్దుల సంది పెట్టె సదిరి కూసున్న గదరా!" అని అందరి ముందూ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ ఇరవై కాగితాలూ ఫాదర్ మళ్లీ చెప్పాడు, నేను రాశాను. ఆరు నెలలు పట్టింది, ఎందుకంటే నేను ప్రతి వాక్యానికీ అడ్డం పడ్డాను. నాకు చదువంటూ వచ్చింది అక్కడే, నా వాదనలన్నీ ఓడిపోయిందీ అక్కడే. ఒక్క చోట గెలిచాను. "అక్కడి ఆత్మలు బాధపడతాయి, కానీ అక్కడి నుంచి పారిపోవాలని ఒక్కటీ కోరుకోదు" అని చెప్పాడాయన. "మంటల ఉన్నోడు ఉర్కకుంట ఉంటడా ఫాదర్?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, నవ్వి, "సరే, రెండో సగం కొట్టెయ్" అన్నాడు. నెల రోజులు కాలరెగరేసుకొని తిరిగాను.

ఇప్పుడు నాకు ఆయనంత వయసు. ఆ కమిటీ ముందు నిలబడ్డ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి. సిగ్గు నిజమే, బాధ నిజమే. కానీ తలుపు పక్కనే ఉన్నా పారిపోవాలని మాత్రం అనిపించలేదు. మహాపండితుణ్ణి, ఆయన చేత కొట్టించింది నిజమైన ఆ రెండో సగాన్నే.