రెండో డైరెక్టర్

నిరుడు మా తోటికోడలు లత నేరేడ్‌మెట్‌లో తన సకినాల వ్యాపారాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేసింది. గేటుకు బోర్డు పెట్టింది. దాని మీద లత పేరు, కింద వాళ్ళమ్మ పేరు, రెండింటి పక్కనా ‘డైరెక్టర్’ అని. అది చూసి నాకు కడుపు మండిపోయింది. పదేళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నా నేను అందరికీ ఉత్త ‘జాకెట్ల ఆంటీ’నే!

పంతం పట్టి, తిరుమలగిరిలో లతకు కాగితాలు చేసిన ఆడిటర్ దగ్గరికే వెళ్ళాను.

“మీరొక్కరే చేసే పని కదమ్మా. సొంత పేరు మీద నడుపుకోండి, ఏ తక్లీఫ్ ఉండదు” అన్నాడాయన.

“లేదు సార్, లతకు ఏది చేసిన్రో నాకు సుత గదే కావాలె.”

“దానికి ఇద్దరు డైరెక్టర్లు ఉండాలె. రెండో పేరు ఎవరిది?”

మా ఆయనది సర్కారు ఉద్యోగం, డైరెక్టర్‌గా ఉండకూడదు. ఇంకెవరూ తోచలేదు. ముందు నా పేరు చెప్పాను. ఆయన తలెత్తి చూశాడు.

“సరోజ అంటే మీరేనా? లతమ్మ మొదట మీ పేరే రాయించింది. మీ సంతకం కోసం నెల రోజులు ఆగింది.”

లత బోర్డు పెట్టక ముందు సంగతి గుర్తొచ్చింది. లత ఆ కాగితం పట్టుకుని, “అక్కా, జెర సంతకం పెట్టవా” అంటూ మా ఇంటికి వచ్చింది. “నీ సకినాలల్ల నన్నెందుకు ఇరికిస్తున్నవ్?” అని, అదేం కాగితమో చూడకుండానే, చాయ్ కూడా ఇవ్వకుండా పంపించింది నేనే.

సొంత పేరు మీదే రాయించుకుని వచ్చాను. ఆ బోర్డు చూస్తే ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఇప్పుడు నా కళ్ళు లత పేరు మీద ఆగవు, దాని కింది పేరు మీద ఆగుతాయి.