ఒక్క బ్యాటరీ చాలన్నాను

2023 వానాకాలం. మెదక్ బస్టాండు దగ్గర మా ఫోటో స్టూడియో. అప్పుడు నేను అమ్మిన ఒక కెమెరా వల్ల పోయినవి ఇవి: ఒక మధ్యాహ్నం, ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత చూసిన ఒక స్నేహితురాలి ఫోటో, నా లెక్కల మీద నాకున్న నమ్మకం. మొత్తం మూడు. మొదటి రెండూ నావి కావు.

సుగుణ టీచర్ శంకరంపేట బడిలో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ట్రైనింగు రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ఎస్తేరు, డార్జిలింగ్ కొండల్లోని ఒక బడికి పంతులమ్మగా పోయి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు జబ్బు ముదిరిందని ఉత్తరం వచ్చింది. తొమ్మిది రోజుల ప్రయాణానికి టీచర్ ఒక్కరే బయలుదేరుతూ మా స్టూడియోకు వచ్చారు.

"తమ్మీ, నాకు కెమెరా పట్టుడే రాదు. దాని మొఖం ఒక్కటి మంచిగ రావాలె. గంతే."

"ఫోన్ల రాదా టీచరమ్మా?"

"నాది బటన్ల ఫోను. అందుల నన్ను నేనే గుర్తుపట్ట."

మిర్రర్‌లెస్ కెమెరా చూపించాను. పాత పెద్ద కెమెరాల్లో లోపల అద్దం ఉంటుంది. ఇందులో ఉండదు కాబట్టి బరువు తక్కువ. ఫోటో ఎలా రాబోతోందో నొక్కకముందే తెర మీద కనిపిస్తుంది. కొత్తగా పట్టుకునేవాళ్లకు అదే పెద్ద మేలు. టీచర్‌కు భుజం నొప్పి ఉందని మూడు కెమెరాలను లెన్సులతో సహా పక్క కిరాణా దుకాణం తక్కెడలో తూచి, అన్నిటికంటే తేలికైనది ఇచ్చాను.

"ఇంకో బ్యాటరీ కావాల్నా తమ్మీ?"

"రోజుకు ఎన్ని తీస్తరు?"

"ముప్పై తీస్తనేమో."

తొమ్మిది రోజులకు 270. నిండా చార్జ్ చేస్తే 340 ఫోటోలు వస్తాయని కెమెరా పుస్తకంలో ఉంది. "ఇంక డెబ్బై మిగుల్తయి. రెండోది దండుగ," అన్నాను. నేను ఫిల్ము రోజుల్లో పని నేర్చుకున్నవాణ్ణి. రోలుకు ముప్పై ఆరు. నొక్కితేనే ఖర్చు. అంతటితో ఆగలేదు. కాసేపు ముట్టుకోకపోతే కెమెరా దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఆటో పవర్ ఆఫ్ అంటారు. అది చూసి కంగారుపడతారేమోనని దాన్ని నేనే తీసేసి ఇచ్చాను.

తిరిగొచ్చిన రెండు నెలలకు టీచర్ కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టారు.

"దీన్ని నువ్వే పెట్టుకో తమ్మీ."

ఏమైందని అడిగాను.

"సిలిగురిల నిండ చార్జింగ్ పెట్టుకున్న. నేను పొయ్యేసరికి వాన. వాళ్ల ఊళ్లె రెండు దినాల సంది కరెంటు లేదంట. దాని ఫోను గూడ బందైంది. మందులకు మొఖం ఉబ్బింది. 'జర ఆగు, ఇప్పుడే తియ్యకు' అన్నది. ఎప్పుడు నవ్వుతదా అని కెమెరా కంటికి పెట్టుకొని అట్లనే చూసుకుంట కూసున్న. పొద్దూకంగ మా హాస్టల్ వార్డెన్‌ను ఎక్కిరిచ్చుకుంట నవ్వింది. నొక్కిన. నల్లగైంది."

"అప్పటికి ఎన్ని తీసిండ్రు?"

"పందొమ్మిది."

340కి పందొమ్మిది. మిర్రర్‌లెస్ ఫోటో తీసినప్పుడే కాదు, చూస్తున్నంతసేపూ బ్యాటరీ తింటుంది. టీచర్ మూడు గంటలకు పైగా చూస్తూ కూర్చున్నారు. నేను ఫోటోలు లెక్కపెట్టాను, నిమిషాలు లెక్కపెట్టలేదు.

"తప్పు నాది టీచరమ్మా."

"దినాలన్ని తొవ్వలనే పొయినయి, తెల్లారి ఆరింటికే వాపస్ జీపు. దసరాకు మళ్ల పోదామనుకున్న. మొన్న ఫోనొచ్చింది, పోయిందని."

ఆ పందొమ్మిదీ కంప్యూటర్లో పెట్టి చూశాం. కిటికీ పరదా, వాన, శాలువా కప్పుకున్న భుజం. ఒకదానిలో టీ కప్పు పట్టుకున్న చెయ్యి. అది పెద్దగా ప్రింటు వేసిస్తానన్నాను.

"చెయ్యి యాదున్నది తమ్మీ. మొఖమే నిలుస్తలేదు."

కెమెరా వెనక్కి తీసుకోలేదు. ఎనిమిది ఆదివారాలు వస్తే మొదటినుంచి నేర్పిస్తానన్నాను.

"నేర్సుకొని ఎవర్ని తియ్యాలె?" అన్నారు. అయినా వచ్చారు, చర్చి అయిపోయాక. మొదటి వారం వెలుతురు చెప్పాను, రెండో వారం ఫోకస్. మూడో వారం కెమెరా నా వైపు తిప్పి చాలాసేపు చూశారు.

"దినమంత ఇట్ల ఒక్కనివే కూసుంటవా?"

"అలవాటైంది."

"అలవాటైతదిలే," అని, నొక్కకుండానే లెన్సుకు మూత పెట్టారు.

నాలుగో ఆదివారం రాలేదు. ఒకసారి కూరగాయల మార్కెట్ దగ్గర కనబడి, "వస్త తమ్మీ," అన్నారు.

ఇప్పుడు మొదటిసారి కెమెరా కొనేవాళ్లను ఎన్ని ఫోటోలు తీస్తారని అడగను. ఎవరి కోసం, ఎంతసేపు ఆగుతారని అడుగుతాను. కొందరు నవ్వుతారు. రెండో బ్యాటరీ లేకుండా పంపను. ఆటో పవర్ ఆఫ్ ముట్టుకోను. ఆదివారం మిగతా దుకాణాలు మూసినా, చర్చి అయ్యాక ఒక గంట నా షట్టర్ తీసే ఉంటుంది. ఎనిమిదిలో మూడే అయ్యాయి. సుగుణ టీచర్‌కు ఇంకా ఐదు ఆదివారాలు బాకీ ఉన్నాను.