యోసేపుకు మాటల్లేవు

నా ముఖం చూసి ఇప్పటిదాకా ఎవరూ ఏ వేషమూ ఇవ్వలేదు. రియాద్‌లో ఒక క్రిస్మస్ నాటకంలో ఇచ్చారు. అదీ యేసును పెంచిన తండ్రి యోసేపు వేషం. గొప్పనుకునేరు, ఎందుకిచ్చారో చెబుతాను. ఆయన వడ్రంగి, నేనూ వడ్రంగిని. ఆయనకు గడ్డం, నాకూ గడ్డం; నాది బద్ధకం కొద్దీ పెరిగింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వేషానికి ఒక్క డైలాగు కూడా లేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడి చేత బట్టీ పట్టించే కష్టం తప్పుతుందని మా నర్సు అక్క ఆలోచన.

అక్క అంటే సొంత అక్క కాదు. భీమవరం వైపు మనిషి, ఇక్కడ ఆస్పత్రిలో పెద్ద నర్సు. వాళ్ళ వంటింటి అలమర తలుపు ఊడితే బిగించడానికి వెళ్ళి, పెట్టిన రొయ్యల కూర తిని, ఆ వారం నుంచే సెలవు రోజని వాళ్ళింట్లో పెట్టుకునే శుక్రవారం క్రైస్తవ ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాను. నాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఇంట్లో దేవుళ్ళు వేరు.

"నువ్వు దేవుడి కోసం రావట్లేదు తమ్ముడూ, కూర కోసం వస్తన్నావు" అని అక్క అందరి ముందూ అనేది.

"కూర పెట్టినోళ్ళే దేవుళ్ళక్కా" అనేవాణ్ణి.

ప్రతి ఏడూ పశువుల పాక, గొల్లలు, నక్షత్రం వేస్తారట. ఈసారి అక్క దాని తర్వాతి ముచ్చట వేయిద్దామంది. యోసేపు, మరియ పసివాణ్ణి ఎత్తుకుని యెరూషలేము గుడికి వెళ్ళడం. దానికి కారణం, ఇంట్లో నిజంగానే ఒక పసివాడున్నాడు.

వాడి తల్లి అక్క కింద పనిచేసే చిన్న నర్సు. తండ్రి ఇక్కడికి చాలా దూరాన, అభా అనే ఊళ్ళో లారీ నడుపుతాడు, కంపెనీ గదిలో మరో నలుగురితో ఉంటాడు. ఆమె ఆస్పత్రి హాస్టల్లో పిల్లలకు చోటు లేదు. ఇల్లు తీసుకుని మనిషిని పెట్టుకునే జీతాలు ఇద్దరివీ కావు. కాన్పు సెలవు అయ్యేదాకా తల్లీబిడ్డా అక్క ఇంట్లోనే ఉన్నారు. పండగ దాటగానే అక్క ఊరికి సెలవు మీద వెళుతోంది. బిడ్డను వెంట తీసుకెళ్ళి నరసాపురంలో వాడి అమ్మమ్మకు అప్పగిస్తుంది. చిన్న నర్సు ఆ మర్నాడు డ్యూటీలో చేరాలి. ఇంటికి వచ్చే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మరియ వేషం ఆమెది, యోసేపు వేషం అసలు ఆమె మొగుడిది. అతనికి సెలవు దొరకలేదు. అలా నా నెత్తిన పడింది.

నాటకం నేర్చుకునే మొదటి రోజు, ప్రార్థనకు వచ్చేవాళ్ళ పిల్లలు నాకు దుప్పటి చుట్టి, మెడలో సిలువ గొలుసు వేశారు. అక్క వచ్చి తీసేసింది.

"ఆయనకి సిలువేంటి? ఆయన యూదుడు. వాళ్ళది మోషే ధర్మశాస్త్రం పాటించే ఇల్లు. పంది మాంసం ముట్టరు. శనివారం వస్తే పొయ్యి వెలిగించరు, పనిముట్టు పట్టరు."

"శనివారం పనిముట్టు పట్టని వడ్లాయననా? మా ఫోర్‌మన్ చేతుల పడితె తెలుస్తుండె."

"బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు సున్తీ కూడా చేయించారు."

"సున్తీనా? మా రూంల ఉండే పఠాన్ లెక్కనా?"

"ఆ, అలాగే."

"మరి యేసు కిరస్తానీ కాదా అక్కా?"

"ఆయన కాదురా. మనం."

"మనమంటే నన్ను గూడ కలుపుకున్నవా?"

"కూర తిన్నావుగా."

పిల్లలు నవ్వారు. నవ్వు తగ్గాక అక్క మిగతాది చెప్పింది. మగబిడ్డను కంటే నలభై రోజులు తల్లి గుడి గడప తొక్కకూడదు. పురుడు తీరాక గుడికి గొర్రెపిల్లను ఇవ్వాలి. లేనివాళ్ళు రెండు పావురాలు ఇస్తే చాలు. వీళ్ళు పావురాల వాళ్ళు.

"ఇంకోటుంది. తొలిచూలు మగబిడ్డ దేవుడి సొత్తు అని వాళ్ళ ధర్మం. దేవుడి ముందు పెట్టి, వెల చెల్లించి విడిపించుకుని ఇంటికి తెచ్చుకోవాలి."

మూలన కూర్చుని నా అంగీ అంచు కుడుతున్న చిన్న నర్సు తలెత్తింది.

"విడిపించుకుంటే ఇచ్చేత్తారా అక్కా?"

"ఇచ్చేస్తారమ్మా."

"పావురాల వాళ్ళకి కూడానా?"

"వాళ్ళకీ ఇస్తారు."

ఆమె మళ్ళీ సూది పట్టుకుంది. నా నోటి దాకా ఒక పరాచికం వచ్చింది. దాన్ని మింగేశాను. అలా మింగడం నాకు అలవాటు లేదు.

నేర్చుకున్నన్నాళ్ళూ పసివాడి బదులు తువ్వాలు చుట్టిన దిండు ఉండేది. నేను పక్షుల బజారులో రెండు తెల్ల పావురాలు కొని, మిగిలిపోయిన చెక్క పేళ్ళతో పంజరం చేశాను. నా వంతు వాటిని పట్టుకుని నిలబడటమే. అక్క భర్త దూది గడ్డం పెట్టుకుని గుళ్ళో ముసలాయన అయ్యాడు. మరియ బిడ్డను ఆయన చేతికివ్వాలి, ఆయన దీవించాలి, తిరిగి ఆమెకివ్వాలి. దిండుతో అంతా చక్కగా జరిగింది.

పండగ ముందు శుక్రవారం, ఈ దేశంలో బయటికి వినపడకూడదు కాబట్టి కర్టెన్లు వేసి, గొంతు తగ్గించి పాటలు పాడుకున్నాక నాటకం మొదలైంది. టీవీ పక్కన బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనులో అభా నుంచి ఆమె మొగుడు చూస్తున్నాడు. చిన్న నర్సు ఈసారి నిజం బిడ్డతో నడిచింది. నేను పంజరంతో వెనక. ఆమె బిడ్డను అందించింది. ముసలాయన దీవించాడు. బిడ్డను తిరిగి ఇవ్వడానికి చేతులు చాపాడు.

ఆమె తీసుకోలేదు.

చేతులు పక్కన వేలాడేసుకుని బిడ్డను చూస్తోంది. వంటింటి గుమ్మంలోంచి అక్క మెల్లగా "తీసుకోమ్మా" అంది. ఆమె కదల్లేదు. ముసలాయన దూది గడ్డం ఊడి వేలాడుతోంది. బిడ్డ ఏడుపు అందుకున్నాడు. ఫోనులో మొగుడు నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. నెట్‌వర్కు ఆగిందో, మనిషే ఆగాడో తెలియలేదు. నేను పంజరం కింద పెట్టి బిడ్డను అందుకున్నాను. టేకు చెక్కనైతే చేతిలోకి తీసుకుంటూనే బరువు చెప్పగలను. ఆ పిల్లాడి బరువు నాకు అంతు చిక్కలేదు. పిల్లలు నా వైపు చూస్తున్నారు, ఇక్కడ ఈ అంకుల్ ఏదో ఒకటి అంటాడని. నేను బిడ్డను భుజాన వేసుకుని జోకొట్టాను.

భోజనాలయ్యాక పిల్లలు బాల్కనీలోంచి పావురాలను వదిలేశారు. అవి ఒక చుట్టు తిరిగి, అక్కావాళ్ళ ఏసీ పెట్టె మీదికే వచ్చి కూర్చున్నాయి. ఎటు పోవాలో తెలియని బతుకులే. చిన్న నర్సు కిటికీలోంచి వాటిని చాలాసేపు చూసింది.

అక్క ప్రయాణం రోజు అక్క భర్త, చిన్న నర్సులతో పాటు సామాను మోయడానికి నేనూ విమానాశ్రయానికి వెళ్ళాను. మా కంపెనీ వాళ్ళ కాగితాల్లో ఇఖామా అనే నివాస కార్డు నుంచి ఊరెళ్ళి రావడానికిచ్చే ఎగ్జిట్ రీ ఎంట్రీ దాకా ఏదో ఒక తప్పు ఉండి తీరుతుంది. ఆ రోజు పసివాడి కాగితాల్లోనూ ఒక్కటి దొరకాలని కోరుకున్నాను. కౌంటర్లో కుర్రాడు పాస్‌పోర్టు చూశాడు, బిడ్డకు చిటిక వేసి నవ్వాడు, ముద్ర కొట్టాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్క బిడ్డను భుజాన వేసుకుని లోపలికి నడిచింది. భుజం మీదినుంచి వాడు మావైపే చూస్తున్నాడు. అంత దూరం నుంచి మమ్మల్ని గుర్తుపట్టే వయసు కాదు. చూస్తున్నాడంతే.

తిరుగు దారిలో అక్క భర్త బండి నడుపుతున్నాడు. వెనక సీట్లో చిన్న నర్సు ఖాళీ పాలసీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, సంచిలో పెట్టడం మరిచిపోయారు. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

"నాతోని ఏం కాలే చెల్లె. ఆ యోసేపు లెక్కనే నోరు మూసుకొని నిలబడ్డ."

ఆమె కిటికీ వైపునుంచి తల తిప్పకుండా అంది.

"ఆయన ఊరికే నిలబడలేదన్నయ్యా. బిడ్డని ఇంటికి తీసుకెళ్ళాడు."